నిజాము రాజ్యాస్తమయము: బీదరు రాత్రులలో దిగిన విమానములు

యథాతథ ఒడంబడికమీద సంతకములు పడిన 1947 నవంబరు 29వ తేదీ మొదలు ఆరేడు నెలలపాటు ఢిల్లీకిని హైదరాబాదునకును నడుమ సాగిన రాయబారములు, 1948 జూను మధ్యకు వచ్చుసరికి, మౌంటుబాటెను ప్రభువు పదవి చాలించి స్వదేశమునకు మరలుటకు కొలదిదినములు ముందుగా, నిజాము చివరిఘడియలో ముసాయిదాను త్రోసిపుచ్చుటతో భగ్నమైన వైనమును గత ప్రకరణమున వివరించియుంటిమి. ఆ భంగమునకు నిజాము పక్షపు సాయుధ స్వచ్ఛందదళమైన రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఒత్తిడిని, ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీ పట్టుదలను, నిజాముయొక్క ఊగిసలాటను చరిత్రకారులు కారణములుగా చూపుదురు. అవి యన్నియు నిజమే. కాని వానితోబాటు ఎన్నవలసినది మఱియొకటి కలదు. అది ఆ వానకాలపు రాత్రులయందు బీదరు పట్టణమునకు దాపుననున్న విమానాశ్రయములో దిగుచుండినది. ఈ ప్రకరణము దానిని గూర్చినది.

ముందుగా పటమును చూడవలెను. 82,000 చదరపు మైళ్ల విస్తీర్ణమును, కోటి అరువదిలక్షల ప్రజయును, తన నాణెమును, తన తపాలాయును, తన రైలును గల ఆ సంస్థానమునకు సముద్రము లేదు. ఏ దిక్కున పొలిమేర దాటినను కాలు మోపవలసినది భారతభూమిమీదనే. పోర్చుగీసువారి చేతిలోనున్న మర్మగోవా రేవుపై ఆసపెట్టుకొని నిజాము ప్రభుత్వము సాగించిన బేరములు ఫలింపలేదు. సుమారు 22,000 మంది గల సంస్థాన సైన్యమునకు ఆయుధములు బ్రిటిషువారి హయాములో భారత ప్రభుత్వము ద్వారముననే వచ్చుచుండెడివి. స్వాతంత్ర్యానంతరము హైదరాబాదు ఎన్నిమాఱులు కోరినను ఢిల్లీ ఈయలేదు. నిజాము ప్రభుత్వము పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వ పత్రములను ఋణముగా ఇచ్చిన సంగతి బయటపడిన మీదట ఢిల్లీ అనుమానము మఱింత బలపడెను. రైలుమార్గములయందును రహదారులయందును సరకుల తనిఖీ బిగిసెను. ఇక మిగిలిన దారి ఆకాశమొక్కటే.

ఆ దారిని తెరచినవాడు ఫ్రెడరిక్ సిడ్నీ కాటను. కాటను అనగానే తెలుగువాని మనస్సున మెదలునట్టి గోదావరి ఆనకట్ట దొర వేఱు, ఈతడు వేఱు. 1894 జూను 17వ తేదీన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున పుట్టి, మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు నౌకాదళపు వైమానిక శాఖలో చేరి, తెరచిన విమానములలో ఎముకలు కొఱుకు చలియందు ఎగురుచు, ఒకనాడు ఇంజను నూనె ఇంకిన మురికిబట్టలతోనే పైకిపోయి దిగివచ్చినప్పుడు తోడివారు వణకుచుండగా తనకుమాత్రము చలి సోకకపోవుటను గమనించి, గాలి చొరనట్టి మూడుపొరల పైదుస్తు నొకదానిని కల్పించినవాడు. దానికి ‘సిడ్‌కాట్’ అని అతని పేరే నిలిచినది. రెండవ ప్రపంచయుద్ధమునందును వైమానికులు దానిని ధరించుచుండిరి. కన్నులకు కనబడిన చిన్న విషయమును విడువక పట్టుకొని దానినుండి ప్రయోజనమును పిండుకొను ఈ గుణము అతని జీవితమంతటను కానవచ్చును. ఆ గుణమును మెచ్చుకొనకుండుట నావల్ల కాదు.

1939లో ఆ గుణమే అతనిని గూఢచారినిగా చేసెను. జర్మనీ యుద్ధసన్నాహములను పైనుండి ఛాయాచిత్రములు తీసి తెలిసికొనవలెనని బ్రిటిషు గూఢచారి శాఖ తలపోసినప్పుడు, ఆ శాఖలో వైమానిక విషయములు చూచుచుండిన ఫ్రెడ్ వింటర్‌బాథమ్ కాటనును పట్టుకొనెను. కాటనుకు అప్పటికి డ్యూఫేకలర్ అను రంగుల ఫిల్ము వ్యాపారముతో సంబంధము కలదు. ఆ వ్యాపారము పేరుచెప్పుకొని యూరపు దేశములయందు తిరుగుట ఎవ్వరికిని వింతగా తోచదు. అమెరికానుండి తెప్పించిన లాక్‌హీడ్ 12 జాతి చిన్న ప్రయాణికుల విమానము అడుగున రంధ్రములు తొలిచి, లోపల కెమెరాలమర్చి, పైలట్టు ఆసనమువద్ద మీట నొక్కినంతనే రంధ్రములపై కప్పు జరగి బొమ్మలు తీయబడునట్లు ఏర్పాటు చేసికొనెను. అంత ఎత్తున అద్దములపై మంచు పేరుకొని బొమ్మలు మసకబారుట అప్పటివఱకు ఎవ్వరికిని తీరని చిక్కు. విమానములోని వెచ్చనిగాలి ఆ రంధ్రములగుండ వెలికి పాఱుచు అద్దములను తుడిచినట్లే యుంచునని కాటను కనిపెట్టెను. 1939 వేసవిలో ఫ్రాంక్‌ఫర్టున జరిగిన విమానప్రదర్శనకు ఆ విమానముతోనే వెళ్లి, జర్మను వైమానికదళ సేనాని ఆల్బర్టు కెసెల్‌రింగును అందులో ఎక్కించుకొని, చక్రము అతనిచేతికే యిచ్చి, క్రింద రైన్ నదీతీరమునగల సైనికస్థలములమీదుగా పోవుచు మీట నొక్కితిననియు, ఆ సమయమున వెలిగి ఆఱుచున్న పచ్చదీపము ఏమని సేనాని యడుగగా ఇంజనులకు పెట్రోలు సరిగా అందుచున్నదనుటకు గుర్తని చెప్పితిననియు కాటను తరువాత చెప్పుకొనెను. కథ అతని నోటిదే కావున ఎంత మెఱుగు పెట్టెనో తెలియరాదు. కాని ఆ వేసవిలో అతడు తెచ్చిన బొమ్మలు నిజమైనవి, బ్రిటిషు సైన్యమునకు ఎంతో ఉపకరించినవి.

యుద్ధము మొదలైన పిదప కాటను హెస్టను విమానాశ్రయమున ఒక చిన్న దళమును నడపెను. తుపాకులన్నియు ఊడదీసి, ఆకాశములో కలిసిపోవు లేతరంగు పూసి, వేగమే కవచముగా స్పిట్‌ఫైర్లను శత్రుదేశముపైకి పంపి ఛాయాచిత్రములు తీయించు పద్ధతికి పునాది వేసినవాడతడే. అధికారుల ఆజ్ఞలను లెక్కపెట్టని స్వభావమే అతనికి ముప్పు తెచ్చినది. 1940 జూనులో ఆ దళమునుండి తొలగించిరి. బ్రిటిషు నౌకాదళ గూఢచారిశాఖలో అప్పుడు పనిచేయుచుండిన ఇయాన్ ఫ్లెమింగునకు ఇతనితో పరిచయము కలదు. జేమ్స్ బాండు పాత్రకు మూలపురుషులుగా చెప్పబడువారిలో కాటను పేరుకూడ వినబడుచుండును.

ఇట్టివాడు, కొలువు పోయి, పేరు మిగిలి, విమానములును ధైర్యమును మాత్రము చేతనున్నవాడు, 1948లో హైదరాబాదునకు వచ్చెను. లాయఖ్ అలీతోను, సంస్థాన సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్‌తోను మంతనములు జరిగినవి. లాంకాస్ట్రియను అను నాలుగు ఇంజనుల పెద్ద విమానములను అతడు సమకూర్చెను. రెండవ యుద్ధమున జర్మనీ నగరములపై బాంబులు కురిపించిన లాంకాస్టరు విమానమే, ముందువెనుకల తుపాకి గూళ్లు తీసివేసి ముక్కును తోకను నున్నగా మూసి, శాంతికాలమున తపాలాకును ప్రయాణికులకును మార్చబడి లాంకాస్ట్రియనైనది. 1947 ఆగస్టులో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో మాయమై లోకమును విభ్రాంతిపఱచిన ‘స్టార్ డస్ట్’ ఈ జాతిదే. దూరము పోవుటకు తగినంత ఇంధనము పట్టుట దీని గొప్ప. కరాచీనుండి బయలుదేరి భారతభూమిమీదుగా బీదరు చేరుటకు 800 మైళ్లకు మించిన దారి. సుమారు 4 గంటల పయనము. చీకటిలో వచ్చి, సరకు దింపి, చీకటిలోనే మరలిపోవుటకు ఒక రాత్రి చాలును. బీదరు విమానాశ్రయము కాక, వరంగల్లునందలి మామునూరు విమానాశ్రయము రెండవ మజిలీ.

ఈ విమానములను భారత వైమానికదళము ఏల అడ్డగింపలేదని పాఠకులు అడుగవచ్చును. ఆనాటికి ఆ దళము కాశ్మీరములో తలమునుకలై యుండెను. వేగముగల టెంపెస్టు యుద్ధవిమానములు కలవు కాని, అవి పగటివేళ పనికివచ్చునవే కాని చీకటిలో ఆకాశమును గాలించి ఒక్క విమానమును పట్టుకొనునట్టి సాధనసంపత్తి గలవి కావు. ఢిల్లీ నిరసనలు తెలిపెను. లండనులో పార్లమెంటువఱకు ఆ మాట పోయెను. విమానములు మాత్రము వచ్చుచునే యుండెను.

బీదరునకు వాయవ్యదిశను, మంజీరానదికి ఆవల, ఔరాదు తాలూకాలో కుశనూర్ అను గ్రామము కలదు. పటముమీద కరాచీనుండి బీదరునకు తిన్ననిగీత గీచినచో, అది తుది మైళ్లలో ఆ కుశనూర్ పరిసరములకు దగ్గఱగా పోవును. పైలట్లు గీతమీదనే నడచిరని నేను చెప్పను. వారు ఏ దారిన సముద్రము దాటి ఏ కొండగుర్తులు చూచుకొని వచ్చిరో వారికే తెలియవలెను. కాని వాయవ్యమునుండి బీదరుకు దిగు ఏ విమానమైనను ఈ నల్లరేగడి సీమకు ఎంతో ఎడముగా పోజాలదు. కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగు భాషలును ఒకే సంతలో వినవచ్చు సీమ అది. ఆషాఢ శ్రావణములలో పెసర, మినుము, కంది, జొన్న చేలమధ్య పల్లె పగలంతయు పనిచేసి రాత్రి దీపమార్పి పడుకొను కాలము. నాలుగు ఇంజనుల మ్రోత ఆ నిశ్శబ్దములో ఎంత దూరమునుండి వినబడునో ఊహింపవచ్చును.

1960వ దశాబ్దిలో టెలివిజను పాశ్చాత్యదేశములయందు ఇంటింటి వస్తువైన దినములలో, ‘ది మాన్ ఫ్రమ్ అంకుల్’, ‘మిషన్ ఇంపాసిబుల్’ మొదలగు గూఢచారి ధారావాహికలు అచ్చటి జనులను మిక్కిలిగా అలరించినవి. వానిలో పెక్కు భాగములకు ఒకే చట్రము: ఎన్నడును వినని ఒక చిన్న రాజ్యము, దానికొక మొండి ఏలిక, సరిహద్దులన్నియు మూసికొనగా చీకటిలో దిగు విమానము, మాటకారియైన ఒక సాహసికుడు, గంట గడచుసరికి అంతయు ముగిసి అందఱును తమతమ దారుల పోవుట. కాటను కథను ఇంగ్లీషున చదువునపుడెల్ల నాకు అదే చట్రము కనబడును. రాజ్యము పేరు హైదరాబాదు. మజిలీ పేరు బీదరు. విమానము తిరిగి పైకెగిరినంతనే క్రిందనున్న దేశము తెరమీదనుండి తొలగిపోవును. చరిత్ర వ్రాయువానికి అట్లు తొలగించుట తగదు. విమానము పోయిన పిదప ఆ నేలమీద నిలిచినవారిని గూర్చి చెప్పుటకే ఈ ప్రకరణమున నేను పూనుకొంటిని.

ఆ విమానములు తెచ్చిన తుపాకులు, మందుగుండు ఏపాటివని లెక్కించుటలో చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఏపాటివైనను, ట్యాంకులును విమానములును గల ఒక మహాసైన్యమును నిలువరింప చాలినవి కావని సెప్టెంబరులో జరిగిన యుద్ధపు ఐదుదినములలో తేలిపోయినది. నా దృష్టిలో వాని అసలు బరువు తుపాకులది కాదు. ప్రతిరాత్రి ఒక విమానము దిగినకొలదిని, రాజధానిలోని పెద్దలకు తాము ఒంటరులము కామనియు, కాలము గడపినచో లోకము కలుగజేసికొనుననియు, ఐక్యరాజ్యసమితికి మొఱపెట్టుకొన్న చాలుననియు ఒక భ్రాంతి గట్టిపడుచు వచ్చెను. ఆగస్టు 21వ తేదీన ఆ మొఱ పంపనే పంపిరి. జూనులో త్రోసిపుచ్చిన ముసాయిదా సంస్థానమునకు చాలవఱకు స్వయంపాలన మిగిల్చునట్టిది; దానిని మరల చేపట్టుటకు జూలైలోను ఆగస్టులోను వ్యవధి యుండెను. ఆ వ్యవధిని వ్యర్థము చేసిన ధీమాలో కొంతభాగము కరాచీనుండి దిగుమతియైనదే.

ఆ ధీమాకు వెల యిచ్చినవారు రాజధానిలోని పెద్దలు కారు. బీదరు జిల్లాలోనే, బసవకల్యాణ ప్రాంతపు గోర్టా గ్రామమున, ఆ సంవత్సరము మే నెలలో రజాకార్లు విరుచుకుపడి రెండువందలమంది వఱకు పొట్టనబెట్టుకొనిరని ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు. కాటను విమానములు వరంగల్లున దిగుచుండిన ఆగస్టు మాసముననే, 27వ తేదీన, జనగామ సీమయందలి బైరాన్‌పల్లిలో, బురుజుపైనెక్కి ఊరిని కాచుకొనుచుండిన పడుచువాండ్రపై రజాకార్లును సర్కారు బలగములును ఫిరంగితో పడిరి. బురుజు వశమైన తరువాత పట్టుబడినవారిని వరుసగా నిలిపి కాల్చిరి. చనిపోయినవారు తొంబదిమందికి పైబడుదురు. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. ఈ ఘోరములకు వాడిన తుపాకులు కాటను తెచ్చినవేయని చెప్పుటకు ఆధారము లేదు, చెప్పనక్కఱయు లేదు. చీకటి విమానముల ధైర్యముతో సంధిని వాయిదా వేయుచుండిన ప్రభుత్వము తన పల్లెలలో జరుగుచున్న దానిని ఆపుటకు పూనుకొనలేదు. నేరము అచ్చటనున్నది.

సెప్టెంబరు 11వ తేదీన కరాచీలో జిన్నా మరణించెను. రెండుదినములు తిరుగకమునుపే, 13వ తేదీ తెల్లవారుజామున, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వమున భారతసైన్యము షోలాపురమువైపునుండి నల్దుర్గముమీదుగా ప్రవేశించెను. విజయవాడవైపునుండి మఱియొక సేన సూర్యాపేటదారి పట్టెను. ఆ యుద్ధమునకు పోలీసుచర్యయని పేరు. బీదరు, వరంగల్లు విమానాశ్రయములపై భారత విమానములు తొలిదెబ్బ తీసినవి. పగటివెలుగున రన్‌వేలు బాంబులకు గోతులుపడినవి. రాత్రి విమానముల కథ అంతటితో ముగిసినది. షోలాపురమునుండి వచ్చు రాజమార్గము బీదరు జిల్లా నడుమనుండి, హుమ్నాబాదు, జహీరాబాదులమీదుగా పోవునది. కావున పశ్చిమసేన నడచిన నడక చాలభాగము ఈ నేలమీదనే. 17వ తేదీ వేకువను సైన్యము బీదరు ప్రవేశించెను. ఆనాడే లాయఖ్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను. సాయంకాలము నిజాము రేడియోలో ప్రసంగించి పోరు చాలించినట్లు ప్రకటించెను. మఱునాడు ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయెను.

ఇచ్చటితో ఆపినచో కథ సుఖాంతమగును, కాని సత్యము కుంటువడును. సైన్యము దాటిపోయిన పల్లెలలో పగలు తీర్చుకొనుట మొదలయ్యెను. రజాకార్లతో ఏ సంబంధమును లేని ముసల్మాను రైతులును, సాలెలును, చిల్లర వర్తకులును, వారి స్త్రీలును బిడ్డలును బలియైరి. నెహ్రూ ఆదేశముపై పండిత సుందర్‌లాల్ ప్రభృతులు 1948 నవంబరు చివరనుండి డిసెంబరు మూడవ వారమువఱకు సంస్థానమంతటను తిరిగి విచారించి, మృతులు 27,000కును 40,000కును నడుమ నుందురని తమ నివేదికలో అంచనా వేసిరి. అత్యధికముగా నష్టపోయినవని వారు పేర్కొన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దులపాటు వెలికి రానీయలేదు. గోర్టా మృతులను తలచుకొనువారు వీరిని మరచుటయు, వీరిని తలచుకొనువారు గోర్టాను మరచుటయు మన చరిత్రరచనకు పట్టిన పెద్ద జాడ్యము. వీరందఱును ఒకే జిల్లా ప్రజలు, ఒకే మంజీరా నీరు త్రాగినవారు.

జిల్లా సైతము ఉన్నట్లు మిగులలేదు. 1956లో రాష్ట్రములు భాషలనుబట్టి పునర్విభజితమైనప్పుడు బీదరు, ఔరాదు, భాల్కి, హుమ్నాబాదు మైసూరునకును, ఉద్గీరు, నీలంగా మొదలగునవి మరాఠీ సీమకును, జహీరాబాదు, నారాయణఖేడులు మెదకుజిల్లాలో చేరి తెలుగునాటికిని పోయినవి. కుశనూర్ కన్నడరాష్ట్రమున నిలిచినది. తెలుగు మాటాడు చుట్టములు పొలిమేర ఆవల నారాయణఖేడు వైపున నిలిచిరి. బీదరు విమానాశ్రయమున 1960వ దశకమునుండి భారత వైమానికదళము తన పైలట్లకు శిక్షణ యిచ్చుచున్నది. ఆకాశమున జట్టుగా విన్యాసములు చూపు సూర్యకిరణ్ దళమునకు అదే నెలవు. 2020 ఫిబ్రవరిలో పౌరవిమానములు కూడ అచ్చటికి వచ్చుట ప్రారంభమైనది.

కాటనుకు ఇంగ్లండున శిక్ష పడినది: ఆయుధములు దొంగతనముగా చేరవేసినందుకు 200 పౌండ్ల జరిమానా. అతడు 1969 ఫిబ్రవరి 13వ తేదీన మరణించెను. ఆ సంవత్సరమే రాల్ఫ్ బార్కరు కూర్చిన అతని జీవితకథ వెలువడినది. లాయఖ్ అలీ 1950 మార్చిలో బేగంపేటలోని గృహనిర్బంధమునుండి కాపలావారి కన్నుగప్పి తప్పించుకొని కరాచీ చేరిన వృత్తాంతము కాటను సాహసములకు ఏమాత్రమును తీసిపోదు. దానికి ప్రత్యేకముగా ఒక ప్రకరణమును కేటాయింపదలచితిని.

దానికంటె ముందు చెప్పవలసినది ధనముయొక్క కథ. యుద్ధము ముగిసిన దినములలోనే, సెప్టెంబరు 20వ తేదీ ప్రాంతమున, హైదరాబాదు ఆర్థికమంత్రియు, ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందమునకు నాయకుడునునైన మొయిన్ నవాజ్ జంగ్, లండనులోని వెస్ట్‌మినిస్టరు బ్యాంకున నిజాము ప్రభుత్వము లెక్కలోనున్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్తాను హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహింతూలా పేరిట మార్పించెను. నిజాము కొలదిదినములకే ఆ మార్పిడి తన అనుమతితో జరిగినది కాదని, సొమ్ము తిరిగి యిమ్మని కోరెను. బ్యాంకు ఎవ్వరికిని ఈయలేదు. ఆ సొమ్ము వడ్డీతో పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లు కాగా, 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పి దానిని భారతదేశమునకును నిజాము మనుమలకును చెందినదిగా నిర్ణయించెను. ఆ సొమ్ము తాము 1948లో పంపిన ఆయుధములకు వెలయని పాకిస్తాను చేసిన వాదములో కాటను విమానములును, బీదరు పేరును డెబ్బదియొక్క సంవత్సరముల తరువాత మరల న్యాయస్థానమున చర్చకు వచ్చినవి. మార్పిడి ఉత్తరువు ఎట్లు పోయెనో, బ్యాంకువారు దానిని ఎట్లు చెల్లించిరో, 1957లో ప్రభువులసభ ఆ వ్యాజ్యమును ఏ కారణమున నిలిపివేసెనో వచ్చే ప్రకరణమున చూతము.